ఫుతాకి గారి కుడికాలు

నగిసె
ఫిబ్రవరి 6, 2024

చిన్నమ్మమ్మకు,

ఈ ఉదయం ఆఫీసుకు వచ్చేసరికి కిటికీ గట్టు మీద కొంగ తల ఆరబెట్టి ఉంది. మా జట్టు చిహ్నమైన కొంగ వేషానిది. ఆదివారం ఎవరిదో దుకాణం ప్రారంభోత్సవానికి వెళ్లి మంచులో తడిసిందట. ముక్కు వీధి వైపు ఉండటంతో బడికి పోయే పిల్లలు ఆగి, వంగి నమస్కారం చేసి మరీ పోతున్నారు.

అమ్మమ్మ పోయాక మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేయవచ్చు గాని, మీకు సరిగ్గా వినబడదు, నాకు సరిగ్గా మాట్లాడటం రాదు. ఉత్తరమైతే ఇద్దరికీ సుఖం.

నేనిప్పుడు నగిసె ఫుట్‌బాల్ క్లబ్బులో పనిచేస్తున్నాను. ఆడటానికి కాదులెండి. క్లబ్బుకు ఈ జూలైతో అరవై ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా అట్టపెట్టెలో పెట్టి ఇచ్చే లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి వేస్తున్నారు. అది నేను రాయాలి. నాకు ఫుట్‌బాల్ తెలియదని ముందే చెప్పాను. తెలియనివాళ్లయితే పక్షపాతం ఉండదని పరిపాలన విభాగం పెద్ద ఒబినాత గారు నన్ను తీసుకున్నారు. పుస్తకం అచ్చయ్యేవరకే ఉద్యోగం. తర్వాత సంగతి తర్వాత చూస్తారట.

మీరు ఊరు విడిచి చాలా కాలమైంది కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. మీరు పనిచేసిన తూనిక యంత్రాల ఫ్యాక్టరీ జట్టే ఇది. ముప్ఫై ఏళ్ల కిందట వృత్తి జట్టుగా మారింది. అప్పుడు పేరు కూడా మార్చి 'బిలాంచె నగిసె' అని పెట్టారు. ఇటలీ భాషలో త్రాసులని అర్థమట. ఇటలీ వాళ్లనెవరినీ అడగలేదు. ఒక ఏడాది దేశపు లీగులో రెండో అంచెకు ఎక్కి, మరుసటి ఏడాదే దిగి, పదకొండేళ్లుగా మూడో అంచెలో ఉన్నాం. ప్రతి జనవరిలోనూ పైకి వెళ్తున్నామని ప్రకటిస్తాం.

స్టేడియం ముందు నల్లరాయి ఒకటి ఉంది. దాని మీద ఇలా చెక్కారు: '1964 జూలై 12. టోక్యో హకుయో విశ్వవిద్యాలయంపై మూడు-రెండు గోల్స్ తేడాతో తొలి విజయం. చివరి నిమిషంలో ఫుతాకి సెయిజో కుడికాలితో కొట్టిన గోల్ ఈ క్లబ్బుకు పునాది.' ఫుతాకి గారు ఇప్పటికీ ఉన్నారు. ఎనభై నాలుగేళ్లు. పదకొండేళ్లు వెనక వరసలో ఆడి, ఆయన కొట్టిన గోల్ అదొక్కటే. ఈ వేడుకలో దక్షిణ ద్వారానికి ఆయన పేరు పెడుతున్నారు. హకుయో పాత ఆటగాళ్లను పిలిచి, ఆ మ్యాచ్ జ్ఞాపకార్థం మళ్లీ ఆడిస్తారు కూడా.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీ వార్తాపత్రిక మీరే రాసేవారని అమ్మమ్మ చెప్పేది. రాతి మీది మాటలు కూడా ఆ పత్రికలోంచి తీసుకున్నవేనట. ఆ రోజు వాతావరణం ఎలా ఉండేదో, జనం ఎందరు వచ్చారో, మీకు గుర్తున్నది కొంచెం రాస్తే మొదటి అధ్యాయానికి కాస్త జీవం వస్తుంది.

మీ
చిగుసా


హకొదాతె
ఫిబ్రవరి 21

చిగుసా,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు మీ అమ్మమ్మ అక్షరాల్లాగే ఉన్నాయి. ఆవిడ కూడా ఇలాగే ఒద్దికగా రాసి, అడగకూడనివన్నీ అడిగేది.

ఇక్కడ మెట్ల మీద మంచు గడ్డకట్టింది. పక్కింటాయన జారిపడి, పడలేదని అందరికీ చెప్పుకుంటున్నాడు. మీ చిన్నతాతయ్య ఎండు చేపల దుకాణం అమ్మేశాక నాకు పొద్దుపోక ఇలాంటివన్నీ గమనిస్తున్నాను.

వాతావరణం అడిగావు. జూలైలో వాన పడుతుంది. అంతకన్నా గుర్తులేదు. నీకు నచ్చకపోతే 'ఆకాశం నిర్మలంగా ఉంది' అని రాయి. చరిత్ర పుస్తకాలన్నిటిలో ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. జనం సంగతి కూడా అంతే, 'పెద్ద సంఖ్యలో' అని రాస్తే ఎవరూ లెక్కపెట్టరు.

నేనక్కడ రెండేళ్లు చేశానేమో. టీ కలిపాను, కాగితాలు మోశాను, పత్రిక రాశాను. పత్రికంటే ఏమనుకుంటున్నావు? మైనపు కాగితం మీద ఇనప కలంతో గీకి సైక్లోస్టైల్ తీసే నాలుగు పేజీలు. క్యాంటీన్లో చేప వేపుడు ఏ రోజో చూసుకోవడానికి తప్ప ఎవరూ చదివేవారు కాదు.

ఫుతాకి బతికున్నాడన్నమాట. జుట్టుందా?

రాయి మీద ఉన్నది రాసుకో. రాయి పోయేది కాదు కదా, ఎక్కువ తవ్వకు.

సెత్సు


నగిసె
మార్చి 14

చిన్నమ్మమ్మకు,

ఫుతాకి గారికి జుట్టు ఉందట. వేడుక ఫొటోల్లో టోపీ పెట్టుకుంటారు గాని, ఉందని ఒబినాత గారు హామీ ఇచ్చారు.

ఎక్కువ తవ్వవద్దన్నారు. నేను తవ్వలేదు. నా ముందుకు అదే వచ్చిపడింది.

హకుయో విశ్వవిద్యాలయంలో పాత పత్రాలు చూసే ఉజావా గారికి, వారి వైపు రికార్డులో ఆ మ్యాచ్ గురించి ఏముందో పంపమని రాశాను. జవాబు వచ్చింది. వారి పుస్తకాల్లో అలాంటి మ్యాచే లేదట. ఆ చోట ఇంకెవరైనా అయితే, అది జరగలేదేమో అని రాసేవారు. ఉజావా గారు క్షమాపణ రాశారు. తమ పెద్దలు ఓటమిని నమోదు చేయకపోవడం సిగ్గుచేటని, అరవై ఏళ్లుగా మీ విజయానికి అన్యాయం జరిగిందని, దిద్దుకుంటామని రెండు పేజీలు. చదువుతుంటే నాకే ముఖం చెల్లలేదు.

అందుకని గ్రంథాలయానికి వెళ్లి ఆ నాటి దినపత్రిక చూశాను. జూలై పదమూడున ఆటల పేజీలో మనూరి పేరు లేదు. మొదటి పేజీలో ఉంది. అంతకుముందు రోజు పొద్దున, వానకు కొండచరియ విరిగి పట్టాల మీద పడింది. టోక్యో రైలు మనకు రెండు స్టేషన్ల అవతల ఆగి, సాయంత్రానికి వెనక్కి తిరిగిపోయింది.

తర్వాత ఫ్యాక్టరీ గిడ్డంగిలో మీ పత్రిక దొరికింది. ముప్ఫై ఒకటో సంచిక. దానికి జతచేసి ఆమోదం ప్రతి కూడా ఉంది. ఏడుగురు అధికారుల ఎర్రముద్రలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క ముద్ర నడుమ తేదీ ఉంది. ఆఖరిది డైరెక్టరు గారిది, జూలై పది.

చిన్నమ్మమ్మా, పన్నెండున జరిగిన మ్యాచ్ వార్తకు పదో తారీఖున ముద్ర ఎలా పడింది?

ఇది ఇంకా ఎవరికీ చెప్పలేదు. మా స్కూల్లో సిస్టర్లు, నిజం చెప్పలేని చోట మౌనంగా ఉండమనేవారు. నాకది కష్టమైన పని కాదు. కాని పుస్తకం మౌనంగా ఉండదు కదా.

చిగుసా


హకొదాతె
ఏప్రిల్ 2

చిగుసా,

నిన్ను చూసి మీ అమ్మమ్మ గర్వపడేది. నాకు మాత్రం చెవి మెలిపెట్టాలనిపించింది.

సరే, విను.

పత్రిక సోమవారం పొద్దున పంచాలి. పంచే ముందు ఏడు ముద్రలు పడాలి. ఒక్కొక్కరి బల్ల మీద ఒక్కొక్క రోజు పడుకుంటుంది కాగితం. డైరెక్టరు గారు సెన్‌దాయ్ నుంచి శుక్రవారం మాత్రమే వచ్చేవారు. ఆదివారం జరిగే మ్యాచ్ వార్త సోమవారం పత్రికలో ఎలా వేస్తావు? మా విభాగం పెద్దాయన్ని అడిగాను. ఆయన టీ తాగుతూ, "ఇప్పుడే రాసెయ్యి. గెలిచినట్టు రాయి, ముద్రలు తొందరగా పడతాయి" అన్నాడు. ఓడితే ఏం చేయాలని అడిగితే, ఓడితే అప్పుడు చూద్దామన్నాడు. ఆడకపోతే ఏం చేయాలని నేను అడగలేదు. ఎవరికి తడుతుంది?

నేను జన్మలో ఫుట్‌బాల్ చూడలేదు. ఒకటి-సున్నా అంటే పిసినారితనంగా కనిపించింది, మూడు-రెండు పెట్టాను. చివరి నిమిషం అంటే బాగుంటుందని పెట్టాను. మైనపు కాగితం మీద గీకేటప్పుడు పేరు రాసే అక్షరాల్లో గీతలు ఎక్కువుంటే కాగితం చిరుగుతుంది. జట్టులో అందరికన్నా తక్కువ గీతలున్న పేరు ఫుతాకి. ఆరు. అందుకని అతని చేత కొట్టించాను. మనుషులు ఎక్కువమంది కుడిచేతివాటం కాబట్టి కుడికాలు.

ఆదివారం రైలు రాలేదు. మనవాళ్లు వానలో మైదానం దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడి ఇళ్లకు పోయారు. సోమవారం పొద్దున్నే మా పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాగితం చూసి, నన్ను చూసి, "దీని మీద ఏడు ముద్రలున్నాయి" అన్నాడు. వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ ఏడు ముద్రలు కావాలి, డైరెక్టరు శుక్రవారం గాని రాడు. పత్రిక పంచేశారు.

శుక్రవారం డైరెక్టరు వచ్చి, అందరినీ ఆవరణలో నిలబెట్టి, జట్టును మెచ్చుకున్నాడు. పదకొండు మంది వంగి నమస్కారం చేశారు. ఏం చేస్తారు మరి? అంతపెద్ద మనిషి ముద్ర వేసిన గెలుపును కాదంటే ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టే. ఆ వారం చెప్పడం కష్టమైంది. ఆ ఏడాది అసాధ్యమైంది. పదేళ్లకు రాయి చెక్కారు.

నేను ఆ చలికాలంలోనే పెళ్లి చేసుకుని ఇటొచ్చేశాను.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఇది రాయకు. ఫుతాకి పోయాక రాసుకో, నన్ను ఎన్నైనా అను. అతని బతుక్కి ఆ ఒక్క గోలే ఉంది. అది నేనిచ్చింది. నువ్వు తీసేసుకోకు.

సెత్సు


నగిసె
మే 10

చిన్నమ్మమ్మకు,

మీరు చెప్పినట్టే చేద్దామనుకున్నాను. చేయలేదు. ఎందుకో చెబుతాను.

ఇంటర్వ్యూ చేసి రమ్మని ఒబినాత గారు నన్ను ఫుతాకి గారింటికి పంపారు. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. పెరట్లో ఉల్లికాడలు వేశారు. అన్నీ ఒకే ఎత్తులో కత్తిరించి ఉన్నాయి. నేను మీ అక్క మనవరాలినని చెబితే ముందు టీ ఇచ్చారు. తర్వాత అడగకుండానే గోల్ చెప్పడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు చెప్పారు. తడి గడ్డి, కుడివైపు నుంచి వచ్చిన బంతి, ఎదుటి గోల్‌కీపరు చేతి తొడుగు చిరుగు, అన్నీ. నేను ఒడిలో పుస్తకం తెరిచి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

ఆయన ఆపి, "రాసుకోవడం లేదేమమ్మా?" అని అడిగారు.

కాగితం తెల్లగా ఉంది. ఆయన దాన్ని కాసేపు చూశారు.

"సెత్సు చెప్పిందన్నమాట," అన్నారు. "బాగుందా ఆవిడ?"

బాగున్నారని, కొంచెం వినబడదని చెప్పాను. అప్పుడాయన కాళ్లు చాపి, ఎడమ మోకాలు తట్టి చూపించారు.

"నాది ఎడమకాలివాటం. జట్టులో అందరికీ తెలుసు. పత్రికలో కుడికాలని రాసింది. అప్పట్నించి ఏ వేడుకకు పిలిచినా, బంతి తెచ్చి కుడికాలి ముందు పెడతారు. అరవై ఏళ్లుగా రాని కాలితో తన్నుతున్నానమ్మా. కిందటేడాది బంతి వెళ్లి కొంగకి తగిలింది."

ఆయన నవ్వితే నేనూ నవ్వాను. తర్వాత ఆయన చెప్పింది నేను రాసుకోలేదు గాని, మరిచిపోను. ఆ శుక్రవారం వంగి నమస్కారం చేసినప్పటి నుంచి, నిజంగా ఒక్క గోల్ కొడితే లెక్క సరిపోతుందని ఆయన అనుకునేవారట. వెనక వరసలో ఉండాల్సిన మనిషి, పదకొండేళ్లు సందు దొరికితే ముందుకు పరిగెత్తేవారట. ఎరువుల ఫ్యాక్టరీ జట్టుతో ఆడినప్పుడు ఒకసారి బంతి గోల్ పైకర్రకు తగిలి వెనక్కి వచ్చింది. అంతకన్నా దగ్గరికి ఎప్పుడూ పోలేదు. తన చోటు వదిలి పరిగెత్తినందువల్ల జట్టు ఓడిన మ్యాచ్‌లు మాత్రం కొన్ని ఉన్నాయన్నారు.

పుస్తకంలో ఎలా రాయమంటారని అడిగాను. అంత ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు.

"ఎలా జరిగిందో అలాగే రాయి. ఫర్వాలేదు," అన్నారు.

వద్దన్నది మీరు. ఫర్వాలేదన్నది గోల్ సొంతదారు. నేను ఆయన మాట తీసుకున్నాను. పంతొమ్మిదో పేజీలో నాలుగు వాక్యాలు రాశాను. రైలు రాలేదు, మ్యాచ్ జరగలేదు, వార్త ముందే డైరెక్టరు ఆమోదం పొందింది, దాన్ని వెనక్కి తీసుకోలేదు. మీ పేరు రాయలేదు.

నిన్న పుస్తకం ప్రతిని ఒబినాత గారి బల్ల మీద పెట్టాను. ఇప్పుడు ఏడు ముద్రలు కాదు, పదకొండు. మొదటివారు చదివిన రోజే నన్ను పిలిచి సంచి సర్దుకోమంటారని అనుకుంటున్నాను. నా సొంత పుస్తకాలన్నీ ముందే ఇంటికి చేర్చాను.

చిగుసా


హకొదాతె
మే 27

చిగుసా,

ఫర్వాలేదన్నాడా? అన్నాడని నువ్వు రాసేశావా?

ఫ్యాక్టరీ క్యాంటీన్లో వడ్డించే అమ్మాయి రాని రోజు నన్ను నిలబెట్టేవారు. అన్నం ఇంకో గిన్నె కావాలా అని అడిగితే ఫుతాకి ఎప్పుడూ "ఫర్వాలేదు" అనేవాడు. గిన్నె మాత్రం బల్ల అంచు దాకా జరిపేవాడు. నేను చూసి నింపేదాన్ని. రెండేళ్లు నింపాను. చూడనివాళ్లు వడ్డించిన రోజు ఆకలితో పోయి మధ్యాహ్నం పని చేసేవాడు.

మీ కాన్వెంట్‌లో నిజం చెప్పడం నేర్పారు. మనిషి ఫర్వాలేదంటే ఏమిటో నేర్పలేదు. నువ్వు వాక్యాన్ని విన్నావు, గిన్నెను చూడలేదు.

నేను చెప్పిన గీతల లెక్క కూడా నమ్మే ఉంటావు. జట్టులో కవాయ్ అని ఒకడుండేవాడు. వాడి పేరు గీకడం కూడా అంతే తేలిక.

వెళ్లి మళ్లీ అడుగు.

సెత్సు


నగిసె
జూన్ 21

చిన్నమ్మమ్మకు,

వెళ్లి అడిగాను.

ఫుతాకి గారు పెరట్లో ఉన్నారు. ఆ పేజీ తీసెయ్యమంటారా అని అడిగితే "ఫర్వాలేదు, ఫర్వాలేదు" అన్నారు. రెండుసార్లు. కిందటిసారి ఒకసారే అన్నారని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఉల్లికాడలు ఒక కట్ట కోసి ఇచ్చి, "ద్వారానికి పేరు రాసిన పలక చూశావా? పెద్దదేనా?" అని అడిగారు. పెద్దదే అన్నాను. వర్షంలో రంగు పోదు కదా అన్నారు. పోదన్నాను.

తిన్నగా ఆఫీసుకు వచ్చి, పంతొమ్మిదో పేజీ తీసేయడానికి అనుమతి కావాలని ఒబినాత గారిని అడిగాను.

ఇంతలో జరిగింది మీకు చెప్పలేదు. పదకొండు ముద్రలూ తొమ్మిది రోజుల్లో పడిపోయాయి. ఎవరూ నన్ను పిలవలేదు. మొదటివారు, తర్వాత పదిమంది చూస్తారు కదా అనుకున్నట్టున్నారు. చివరివారు, ముందు పదిమంది చూశారు కదా అనుకున్నట్టున్నారు. ఒక్క పంతొమ్మిదో పేజీలో మాత్రం ఎవరో పెన్సిల్‌తో దిద్దారు. 'డైరెక్టరు' అన్న చోట 'అప్పటి గౌరవ డైరెక్టరు' అని. అంటే ఆ పేజీ చదివినవారు ఒకరున్నారు. వారికి అక్కడ తప్పుగా కనిపించింది అదొక్కటే.

ఒబినాత గారు నా మాట ఓపిగ్గా విన్నారు. ఏ పేజీ, ఎందుకు అని అడగలేదు. ప్రతిని తెచ్చి నా ముందు పెట్టి, ముద్రల వరస వేలితో చూపించారు.

"ఆమోదం పొందింది చిగుసా గారూ. మార్చాలంటే పదకొండూ మళ్లీ పడాలి. అధ్యక్షులు శుక్రవారం గాని రారు. అచ్చుకు గురువారం పోతుంది."

ఆ గురువారం నిన్ననే. పుస్తకం అచ్చుకు పోయింది. అధ్యక్షులు ఈ రోజు వచ్చారు. పుస్తకం బాగుందని నాతో స్వయంగా అన్నారు. నేను వంగి నమస్కారం చేశాను.

చిన్నమ్మమ్మా, చేస్తున్నప్పుడే నాకు మీరు రాసిన ఆ పదకొండు మందీ గుర్తొచ్చారు.

వేడుక జూలై పదమూడు, శనివారం. వచ్చిన వాళ్లందరికీ ఆ పుస్తకం ఉచితంగా ఇస్తారు. పదకొండేళ్లు పరిగెత్తినా ఆయనకు దొరకనిదాన్ని నేను నాలుగు వాక్యాల్లో తీసేశాను. అందరి ముందూ ఆ పేజీ ఎవరైనా తెరిచి చదివితే ఆయన ఎటు చూస్తారు? మీరైతే ఏం చేసేవారో రాయండి.

చిగుసా


హకొదాతె
జూన్ 29

చిగుసా,

నేనైతే ఏం చేసేదాన్నని అడుగుతావేం? నేను చేసినదాన్నే కదా నువ్వు అరవై ఏళ్ల తర్వాత దిద్దుతున్నావు.

ఏమీ చేయలేం. ఆ రోజు అతని పక్కన నిలబడు. ఎవరైనా పుస్తకం తెరిస్తే టీ ఇవ్వు. ఎవరూ తెరవరు. నేను రెండేళ్లు పత్రిక రాసినదాన్ని, నాకు తెలుసు.

నా తరఫున ఏమీ చెప్పకు.

సెత్సు


నగిసె
జూలై 18

చిన్నమ్మమ్మకు,

శనివారం పొద్దున్నుంచీ వాన. రైళ్లు మాత్రం నడిచాయి. హకుయో వారు ఇరవై మంది సమయానికే దిగారు. అందరికీ యాభై దాటాయి.

మీరు చెప్పినట్టు ఫుతాకి గారి పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ద్వారం మీద గుడ్డ తీశారు. ఆయన తల ఎత్తి పేరు చదువుకున్నారు, తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ చదువుకున్నారు. బంతి తెచ్చి కుడికాలి ముందు పెట్టారు. కుడికాలితోనే తన్నారు. కొంగ ఈసారి ముందే పక్కకు తప్పుకుంది.

మ్యాచ్ జరిగింది. హకుయో వారు చాలా మర్యాదస్తులు. ఎంతో కష్టపడి మూడు-రెండు తేడాతో ఓడిపోయారు. చివర్లో మనవాళ్లకు గోల్ పడటం ఆలస్యమైతే, వాళ్ల గోల్‌కీపరు బూటు లేసు కట్టుకోవడానికి కూర్చున్నాడు.

పుస్తకాలు పంచారు. మీరన్నది నిజమే. జనం అట్టపెట్టె బరువు చూసి, మెచ్చుకుని, వానకు తడవకుండా సంచుల్లో పెట్టేసుకున్నారు. ఒక్కరు తప్ప. సన్నగా, కళ్లజోడు మీద చినుకులతో ఒకాయన గుడారం కింద నిలబడి మొదటి పేజీ నుంచి చదువుతున్నారు. ఉజావా గారు. నేను టీ పట్టుకుని పరిగెత్తేసరికి ఆయన పంతొమ్మిదో పేజీలో ఉన్నారు. చదివారు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. పుస్తకం మూసి పెట్టెలో పెట్టారు. అంత నెమ్మదిగా మూయడం మా స్కూలు గ్రంథాలయంలో తప్ప ఎక్కడా చూడలేదు.

ఆయన తన సంచిలోంచి ఇంకో పుస్తకం తీశారు. హకుయో వారి ఫుట్‌బాల్ విభాగం తొంభై ఏళ్ల చరిత్ర. జూన్‌లో వచ్చిందట. నూట పన్నెండో పేజీ తీసి చూపించారు. '1964 జూలై 12. నగిసె ఫ్యాక్టరీ జట్టుతో రెండు-మూడు తేడాతో ఓటమి. చివరి నిమిషంలో ఫుతాకి గోల్, కుడికాలు. ఈ నమోదు ఇంతకాలం జరగనందుకు విచారిస్తున్నాం.' మన రాతిని ఆధారంగా చూపించారు, ఫొటోతో సహా.

క్షమించమనాలా, కృతజ్ఞతలు చెప్పాలా తెలియలేదు. మార్చగలరా అని మాత్రం అడిగాను.

ఉజావా గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మా దాని మీద పద్నాలుగు ముద్రలు పడ్డాయండీ," అన్నారు. తర్వాత, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు చుట్టూ చూసి, "అయినా, ఓడిపోయినవాళ్లే ఒప్పుకున్నాక గెలిచినవాళ్లు కాదనడం మర్యాద కాదు" అన్నారు.

ఇప్పుడు మన పుస్తకం ప్రకారం ఆ మ్యాచ్ జరగలేదు. వాళ్ల పుస్తకం ప్రకారం మనం గెలిచాం. ఏ పుస్తకం కావాలంటే అది చూసుకోవచ్చు. మన పుస్తకం గురించి ఇప్పటి వరకు ఆఫీసుకు ఒక్క ఉత్తరమూ రాలేదు. నిన్న ఒబినాత గారు పిలిచి, పని జాగ్రత్తగా చేశానని, నన్ను శాశ్వత ఉద్యోగిగా తీసుకోవడానికి కాగితం కదిలిందని చెప్పారు. నాలుగు ముద్రలు పడ్డాయట. ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేరట.

ఉజావా గారిని తీసుకెళ్లి ఫుతాకి గారికి పరిచయం చేశాను. నూట పన్నెండో పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టారు. ఫుతాకి గారు కళ్లజోడు కోసం జేబులన్నీ వెతుక్కున్నారు. దొరకలేదు. ఉజావా గారు తనది తీసి ఇచ్చారు. ఆ కళ్లజోడు ఆయనకు సరిపోయిందో లేదో తెలియదు. అయినా చాలాసేపు ఆ పేజీనే చూశారు. అది చేతిలో పట్టుకుని గుడారం అంచు దాకా వెళ్లి, వాన వైపు తిరిగి నిలబడ్డారు. నేను మీ తరఫున ఏమీ చెప్పలేదు.

ఈ ఉత్తరంతో పాటు వస్తున్న పొట్లం నాది కాదు. ఫుతాకి గారు హకుయో వారి పుస్తకం రెండు ప్రతులు అడిగి తీసుకుని, ఒకటి మీకు పంపమన్నారు. మన పుస్తకం ఆయన తీసుకోలేదు.

చిగుసా